సముద్రం పక్కన సాగు: ఉప్పుకీ ముంపుకీ తుపానుకీ పొలాన్ని సిద్ధం చేసుకోవడం ఎలా

తీరం దగ్గర సేద్యం చేసే ఎవరితో మాట్లాడినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఉప్పు తట్టుకునే విత్తనం ఏముంది? దానికి జవాబు నేను చివర్లో చెబుతాను, కావాలనే. మురుగు బయటికి పోయే దారి లేని చేలో, పెడుతున్న నీరు ఎలాంటిదో తెలియని చేలో ఎంత గట్టి విత్తనం వేసినా దెబ్బ కాస్త ఆలస్యంగా తగులుతుంది, అంతే. ఉప్పు నీటితో వస్తుంది, నీటితోనే పోతుంది. కాబట్టి ముందు కొలత, తర్వాత మురుగు, తర్వాత మంచినీరు, ఆ తర్వాత నేల, వీటన్నిటి తర్వాతే పంటా విత్తనమూ. ఈ వరస తిరగేసి ఖర్చు పెట్టినవాళ్లకి మిగిలేది అప్పే.

అసలు మారుతున్నదేంటో ముందు చూద్దాం. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచవ్యాప్తంగా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, 2006 నుంచి 2018 మధ్య ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. వినడానికి ఇది చిన్న లెక్కే. కానీ తీరం పొలాల మురుగు ఎప్పుడు బయటికి పోతుంది? ఆటు వేళ, సముద్రం కిందికి దిగినప్పుడు. బయట నీటిమట్టం పైకి జరిగేకొద్దీ ఆ కాల్వ పారే గంటలు తగ్గిపోతాయి. వాన అంతే పడినా చేలో నీళ్లు ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి. పైగా వాన కూడా అంతే పడట్లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందుకే వాన కురిస్తే కుండపోత, లేకపోతే వారాల తరబడి ఎండ. డెల్టాల్లో ఇంకో బాధ ఉంది. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతుంది, కింద బోర్లు నీళ్లు లాగేస్తాయి, దాంతో నేలే కుంగుతుంది. సముద్రం పైకి వస్తోంది, భూమి కిందికి దిగుతోంది, రెండూ కలిసి ఒకే పొలం మీద పడుతున్నాయి.

ముందు కొలవండి

చేతిలో పట్టే ఈసీ (విద్యుత్ వాహకత) మీటర్ ఒకటి కొనుక్కోండి. ఒక్కరే కొనలేకపోతే పక్క పొలాలవాళ్లు నలుగురూ కలిసి కొనండి. తీరం సేద్యానికి ఇంతకంటే పనికొచ్చే పరికరం నాకు తెలియదు. నీటిలోనూ మట్టిలోనూ కరిగి ఉన్న ఉప్పు ఎంతో అది చెబుతుంది. ఆ అంకె మీటరుకి ఇన్ని డెసీసీమెన్‌లు అని వస్తుంది, ఇక్కడ మనం ఈసీ 2, ఈసీ 4 అనుకుంటే చాలు. సముద్రపు నీటి ఈసీ సుమారు 50 ఉంటుంది. మట్టి ఈసీ 4 దాటితే దాన్ని ఉప్పునేల కిందే లెక్కగడతారు.

నీటి సంగతే తీసుకోండి. ఈసీ 2 ఉన్న నీరు నోట్లో పోసుకుంటే కాస్త సప్పగా, కాస్త ఉప్పగా ఉంటుంది, చాలామంది ‘పర్లేదులే’ అని పెట్టేస్తారు. లెక్క వేయండి: ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇస్తే అది రెండు లక్షల లీటర్లు. ఆ నీటిలో లీటరుకి సుమారు 1.3 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే ఒక్క తడితో ఎకరానికి దాదాపు 260 కిలోల ఉప్పు మన చేతులతో మనమే పోస్తున్నాం. నీరు ఆవిరైపోతుంది, మొక్క తాగుతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే పనులన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

సముద్రానికి కలిసే ఏరు లేదా కాల్వ నుంచి తోడేవాళ్లు రోజులో ఏ వేళ తోడుతున్నారో చూసుకోవాలి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఎగువకి ఎక్కుతుంది, ఆటు ముగిసే వేళకి మళ్లీ పలచబడుతుంది. అదే కాల్వ, అదే మోటారు, గంటల తేడాతో ఈసీ మారిపోతుంది. రెండు రోజులు గంట గంటకీ కొలిచి రాసుకుంటే మీ కాల్వ తీరు మీకు తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, ఆ రోజుల్లో ఇంకా జాగ్రత్త.

మట్టిని ఏడాదిలో కనీసం రెండుసార్లు చూడాలి: ఎండాకాలం చివర ఉప్పు బాగా పైకి తేలినప్పుడు ఒకసారి, విత్తే ముందు ఒకసారి. పై 15 సెంటీమీటర్ల మట్టి వేరుగా, అడుగు నుంచి రెండడుగుల లోతు మట్టి వేరుగా తీయండి. పైన తక్కువ, కింద ఎక్కువ ఉంటే వేసవిలో అది పైకి వస్తుందని లెక్క. ల్యాబ్‌కి ఇస్తే ఏ పద్ధతిలో కొలిచారో తప్పకుండా అడగండి. మట్టిలో ఎక్కువ నీళ్లు కలిపి కొలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది, ఆ అంకెని 4తో పోల్చి ‘మా నేల బాగానే ఉంది’ అనుకుంటే మోసపోతాం. 4 అన్న హద్దు మట్టిని ముద్దగా తడిపి అందులోంచి తీసిన నీటిని కొలిచినప్పటిది.

ఏ చౌడో తేల్చుకోండి

చౌడు అంతా ఒకటి కాదు. దీనికి వాడే మందు దానికి పనిచేయదు. తెల్ల చౌడులో పైన తెల్లటి పొర తేలుతుంది, ఈసీ ఎక్కువ, పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.5 లోపు, మట్టి మాత్రం గుల్లగానే ఉంటుంది, నీళ్లు ఇంకుతాయి. కారు చౌడులో సోడియం మట్టి రేణువులకే పట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటుతుంది, తడిస్తే బంక, ఎండితే రాయి, నీళ్లు పెడితే రోజుల తరబడి అలాగే నిలబడతాయి. రెండూ కలిసినవీ ఉంటాయి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. వాననీరు పోసిన గాజుగ్లాసులో ఎండిన చిన్న మట్టిగడ్డని నెమ్మదిగా వేసి కదపకుండా వదిలేయండి. గడ్డ విరిగి ముక్కలై, నీళ్లు మాత్రం తేటగా ఉంటే పెద్ద భయం లేదు. గడ్డ చుట్టూ పాలపొగలా మబ్బు లేచి, మర్నాటికి కూడా నీళ్లు తేరుకోకపోతే సోడియం దెబ్బ ఉన్నట్టే. దీనికి పంపునీరు, బోరునీరు వాడకండి, ఉప్పున్న నీరైతే మబ్బు లేవకుండా అణిచేస్తుంది, ఫలితం తప్పొస్తుంది.

కారు చౌడుకి జిప్సం కావాలి, ఎంతన్నది మట్టి పరీక్షే చెప్పాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి విడగొడుతుంది, ఆ విడిపడ్డ సోడియాన్ని మంచినీటితో కడిగి పంపాలి. కడగకపోతే జిప్సం వేసీ లాభం లేదు. తెల్ల చౌడుకి జిప్సం వేయడమంటే చాలావరకు డబ్బు దండగే, దానికి కావాల్సింది మంచినీరూ మురుగు కాల్వా.

మురుగు దారి

ఖర్చు ఎక్కడ పెట్టాలో ఒకే ఒక్క చోటు చెప్పమంటే నేను మురుగు కాల్వే అంటాను. గట్టు ఎంత ఎత్తుగా పోసినా లోపల పడిన వాన బయటికి పోకపోతే ఆ గట్టే మనల్ని ముంచుతుంది. బంగ్లాదేశ్ తీరంలో 1960ల నుంచి కరకట్టలు కట్టి పొలాలను సముద్రం నుంచి కాపాడారు. కొన్నేళ్లు పంటలు బాగా పండాయి కూడా. కానీ పొలాల మీద పరుచుకోవాల్సిన ఒండ్రు నదిలోనే పేరుకుపోయి నదుల అడుగు పైకి లేచింది, కట్ట లోపలి నేల పల్లమైపోయింది, వాననీరు పోయే దారి మూసుకుపోయి చాలాచోట్ల నెలల తరబడి నీళ్లు నిలిచాయి. గట్టు కట్టేవాళ్లెవరైనా ముందు చదవాల్సిన పాఠం ఇది.

చేసే పని ఇలా. పొలం చుట్టూ, మధ్యలో పల్లం ఉంటే అక్కడా, కాల్వలు తీసి అవి ఒకే దిక్కుకి పారేట్టు వాలు ఇవ్వండి. భూగర్భజలం ఉప్పుదైతే వేసవిలో అది పైకి మీటరున్నర లోపుకి రాకుండా చూడటం లక్ష్యం. అంతకంటే దగ్గరికొస్తే మట్టి సందుల్లోంచి నీరు పైకి పాకి, ఆవిరై, ఉప్పుని పైన వదిలేస్తుంది. కాల్వ బయట కలిసే చోట తూముకి ఒకవైపే తెరుచుకునే తలుపు పెట్టించండి. లోపలి నీరు నెడితే తెరుచుకోవాలి, బయటి నీరు నెడితే మూసుకోవాలి. ఆ తలుపు సందులో చెత్త ఇరుక్కుని కాస్త తెరుచుకుని ఉన్నా చాలు, పోటు వచ్చిన ప్రతిసారీ ఉప్పునీరు లోపలికి వస్తుంది. వాన ముందు, పెద్ద పోటు ముందు అక్కడికి వెళ్లి చేత్తో కదిపి చూడాల్సిందే.

తూము ఎప్పుడూ ఒక్క రైతుది కాదు. పల్లం చేనువాడికి నీళ్లు పోవాలి, మెరక చేనువాడికి ఆగాలి, చేపలు పట్టేవాళ్లకి పోటునీరు లోపలికి రావాలి. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి, తాళం ఎవరి దగ్గరుండాలి అన్నది పంట వేయకముందే అందరూ కూర్చుని రాసుకోవాలి. ముంపు వచ్చాక రాత్రిపూట తూము దగ్గర తేల్చుకుందామంటే గొడవ తప్ప ఏమీ తేలదు. అలాగే పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు ఉంటే దానికీ మీ చేనుకీ మధ్య లోతైన కాల్వ ఒకటి తప్పనిసరి. ఊట ఆ కాల్వలో పడి బయటికి పోవాలి, మీ వేళ్లకి చేరకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒకప్పుడు మడ అడవి ఉన్న నేలల్లో లోపల బూడిదరంగు బురద ఉంటుంది, గాలి తగలనంత కాలం దానితో ఏ ఇబ్బందీ లేదు. లోతుగా తవ్వి ఆరబెడితే అందులోని గంధకపు ఖనిజాలు గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారతాయి, పీహెచ్ 4 కంటే కిందికి పడిపోతుంది, పంటా పోతుంది, కాల్వలో చేపలూ పోతాయి. తవ్విన మట్టి ఎండాక పసుపు మచ్చలు కనిపించినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా ఆపేసి పరీక్ష చేయించండి. అలాంటి చోట లోతు కాల్వలొద్దు, బురదని తడిగానే ఉంచాలి.

ఉప్పు కడగడం

చాలామంది చేనుకి నీళ్లు పెట్టి, పైపైన పారించి బయటికి వదిలేసి ‘కడిగాం’ అంటారు. అలా చేస్తే పైన తేలిన పొర కొంత పోతుంది, లోపలిది అలాగే ఉంటుంది. నీరు నేలలోకి దిగాలి, దిగిన నీరు కాల్వలోకి రావాలి, అప్పుడే ఉప్పు పోయినట్టు. మోటు లెక్క ఒకటుంది: అడుగు లోతు మట్టిలోంచి అడుగు నీరు కిందికి దిగితే అందులో ఉప్పు సుమారు 80 శాతం పోతుంది. అందుకోసం చేనును మడులుగా చేసి, చదును చేసి, చుట్టూ గట్టు వేసి, తొలకరి వాన ఒక్క చుక్క బయటికి పోకుండా ఆపండి. చదును చాలా ముఖ్యం, ఎత్తుగా మిగిలిన మిట్టల మీదే ఉప్పు చేరి అక్కడే మొలకలు మాడతాయి. ఒకేసారి నిండా నిలపడం కంటే కొంత పెట్టి ఇంకనిచ్చి మళ్లీ పెడితే తక్కువ నీటితో ఎక్కువ ఉప్పు పోతుంది. ఇసుక నేలలో ఇది రోజుల పని, బంకమట్టిలో ఒక సీజనంతా పట్టొచ్చు.

ఆ తర్వాత కూడా ప్రతి తడికీ కాస్త అదనపు నీరు ఇస్తూ ఉండాలి. నీటి ఈసీ 1.5, పంట తట్టుకునేది 3 అయితే అదనంగా పదో వంతుకి కాస్త పైన చాలు. నీరే ఉప్పగా ఉన్నకొద్దీ ఆ అదనం పెరుగుతుంది, ఒక దశ దాటాక ఎంత పెట్టినా మిగిలేది ఉప్పే. అప్పుడు ఆ నీటిని ఆ పంటకి మానేయాలి.

మంచినీటిని దాచుకోండి

తీరంలో భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు కాస్త బరువు కాబట్టి సముద్ర మట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది. తిరగేసి చూడండి: మనం తోడేసి ఒక మీటరు మట్టం తగ్గిస్తే కాలక్రమంలో కింద నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరుగుతుంది. అందుకే తీరంలో నీళ్లు రాకపోతే బోరు ఇంకా లోతుకి దింపడమంత చెడ్డ ఆలోచన ఇంకొకటి లేదు. ఒక్కసారి ఉప్పుపడ్డ బోరు మళ్లీ తియ్యబడటానికి ఏళ్లు పడుతుంది.

బదులుగా తక్కువ లోతులో, నెమ్మదిగా, నాలుగైదు చోట్ల నుంచి తోడండి. ఇసుక నేలల్లో దొరువులు (తక్కువ లోతు నీటి గుంటలు) తవ్వే పద్ధతి సరిగ్గా ఇందుకే పనికొస్తుంది, పైన తేలే మంచినీటి పొరని మాత్రమే అది తీసుకుంటుంది. మోటారు గంటల తరబడి ఆపకుండా నడపొద్దు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. మోటారు మొదలెట్టినప్పుడూ ఆపేముందూ ఈసీ కొలిస్తే ఉప్పునీరు పైకి లేస్తోందా లేదా అన్నది కళ్లముందే తెలుస్తుంది.

అన్నిటికంటే నమ్మదగిన నీరు వాననీరే. పశ్చిమ బెంగాల్లోని క్యానింగ్ టౌన్‌లో ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రం సుందర్బన్ పొలాల కోసం నేల రూపం మార్చే పద్ధతి ఒకటి నిలబెట్టింది. పొలంలో దాదాపు ఐదో వంతులో చెరువు తవ్వుతారు, ఆ మట్టితో మిగతా పొలంలో కొంత మెరక చేస్తారు. మెరక మీద కూరగాయలు, మధ్యస్థంగా ఉన్నచోట వరి, పల్లంలో వరితో పాటు చేపలు, చెరువులో నిలిచిన వాననీటితో ఎండాకాలం రెండో పంట. మెరక మీద ఉప్పూ తక్కువే, ముంపూ తక్కువే. నాకు ఈ పద్ధతి బాగా నచ్చడానికి కారణం ఒక్కటే, ఇది ముంపుని, కరువుని, ఉప్పుని ఒకే తవ్వకంతో చూసుకుంటుంది. అయితే పల్లంలో ఉప్పు భూగర్భజలం పైకే ఉంటే చెరువు లోతు తగ్గించుకోవాలి, లేకపోతే వాననీరు తగ్గగానే కింద నుంచి ఉప్పునీరు ఊరుతుంది. తవ్వేముందు ఎండాకాలంలో చిన్న గొయ్యి తీసి ఎంత లోతున నీరు పడుతోందో, దాని ఈసీ ఎంతో చూడండి. పైమట్టిని పక్కన పెట్టి చివర్లో పైనే పరవండి, లోపలి ఉప్పుమట్టి మెరక పైకి వచ్చిందంటే ఏడాది వృథా.

రెండు రకాల నీళ్లు ఉంటే మంచినీటిని మొలక దశకీ పూత దశకీ దాచి, ఉప్పగా ఉన్నదాన్ని మధ్యలో వాడుకోవచ్చు. రెండూ కలిపి ఎప్పుడూ పెట్టడం కంటే ఇలా విడివిడిగా వాడటమే చాలా పంటలకి మేలు.

నేలని కప్పి ఉంచండి

ఉప్పు పైకి తేలేది ఎండాకాలంలో, అదీ ఖాళీగా ఎండుతున్న నేలలో. కోత అయ్యాక గడ్డి అంతా ఎత్తేసి, నేలని బోడిగా వదిలేయడం తీరంలో అసలు చేయకూడని పని. గడ్డి పరచండి, తేమ ఉండగానే తేలిగ్గా దున్ని పైన పొడి పొర చేయండి, వీలైతే ఏదో ఒక పచ్చని పైరు ఉంచండి. జీలుగ చౌడునీ నీటి నిల్వనీ రెండిటినీ ఓర్చుకుంటుంది. 45–50 రోజులకి పూతకొచ్చే వేళ కలియదున్నితే నత్రజనీ వస్తుంది, వేళ్లు చేసిన సందుల్లోంచి నీరూ కిందికి దిగుతుంది. సుందర్బన్‌లో వరి కోసిన తడినేల మీద దున్నకుండానే బంగాళాదుంప విత్తనం పెట్టి పైన మందంగా గడ్డి కప్పి పండిస్తున్నారు. దున్నే రోజులు మిగులుతాయి, ఉప్పు తేలదు, నీళ్లూ తక్కువే.

బోదెల మీద కూరగాయలు వేసేవాళ్లకి ఒక కిటుకు. కాల్వలో నీళ్లు పారితే ఉప్పు తడితో పాటు పాకి బోదె నెత్తిన చేరుతుంది. కాబట్టి నెత్తిన కాకుండా పక్క వాలు మీద, నీటి అంచుకి కాస్త పైన నాటండి. డ్రిప్ వాడితే ఉప్పు తడి గుండ్రం అంచుకి నెట్టబడుతుంది, మొక్క మధ్యలో క్షేమంగా ఉంటుంది. కానీ చిరుజల్లు పడితే ఆ అంచున ఉన్న ఉప్పంతా వేళ్ల మీదికి దిగుతుంది. అందుకే సన్నటి వాన పడుతుంటే డ్రిప్ కట్టేయకుండా నడపాలి. ఇది చాలామంది నమ్మరు, వాన పడుతుంటే నీళ్లు పెట్టడమేంటని. గట్టివాన అయితే అక్కర్లేదు, అది కిందికి తోసేస్తుంది.

యూరియా ఒకేసారి కాకుండా మూడు నాలుగు దఫాలుగా వేయండి. చౌడులో జింకు లోపం మామూలే, ఆకుల మీద తుప్పు మచ్చలు, గిడసబారిన పైరు కనిపిస్తే ఆ సంగతి చూసుకోండి.

ఇప్పుడు పంట, విత్తనం

ఒక్కో పంట ఒక్కో ఈసీ దాకా దిగుబడి తగ్గకుండా ఓర్చుకుంటుంది. బీన్స్ 1 దగ్గరే చేతులెత్తేస్తాయి, ఉల్లి 1.2, మొక్కజొన్న 1.7, టమాటా 2.5. వరి 3 దాకా నిలబడుతుంది, ఆపైన ఒక్కో అంకెకీ సుమారు 12 శాతం దిగుబడి పోతుంది, అంటే 6 దగ్గర మూడో వంతుకి పైగా నష్టం. వేరుశనగ 3.2 దాకా బాగానే ఉంటుంది, అది దాటిందా ఒక్క అంకెకే పావు వంతుకి పైగా పడిపోతుంది. అలసంద 4.9, గోధుమ 6, చక్కెర దుంప 7, పత్తి 7.7, బార్లీ 8. ఇవి ఎదిగిన పైరుకి వర్తించే లెక్కలు, మొలకలు అంతకంటే సుకుమారం.

వరి ముఖ్యంగా రెండుసార్లు ఉప్పుకి భయపడుతుంది: లేత నారుగా ఉన్నప్పుడూ, పూత సమయంలోనూ. పిలకలు వేసే దశలో కాస్త ఓర్చుకుంటుంది. దీన్ని బట్టే పనులు అమర్చుకోవచ్చు. నారుమడి మెరక మీద, మంచినీటితో పోయండి. 30–35 రోజుల ముదురు నారు నాటండి, కుదురుకి మామూలు కంటే రెండు మూడు మొక్కలు ఎక్కువ, దగ్గర దగ్గరగా, ఎందుకంటే కొన్ని చనిపోతాయి, పిలకలూ తగ్గుతాయి. పూత వేళకి మంచినీరు ఉండేలా విత్తే తేదీని వెనక్కి లెక్కేసుకోండి.

విత్తనాల్లో రెండు పేర్లు తెలుసుకుని ఉంటే మంచిది. కేరళ తీరంలోని పొక్కాలి వరి ఉప్పుని ఓర్చుకునే గుణానికి ప్రపంచమంతా వాడుతున్న మూలం, ‘సాల్టాల్’ అనే జన్యుభాగం దాన్నుంచే వచ్చింది. ఒడిశాకి చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకం నుంచి ‘సబ్1’ అనే జన్యువు దొరికింది, దాన్ని 2006లో గుర్తించారు. అది ఉన్న స్వర్ణ సబ్1 లాంటి రకాలు పూర్తిగా మునిగినా సుమారు రెండు వారాలు ప్రాణం నిలుపుకుంటాయి, ఎదగడం ఆపి శక్తి దాచుకుంటాయి కాబట్టి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: మునకని తట్టుకునేది ఉప్పుని తట్టుకుంటుందని కాదు, ఉప్పుని తట్టుకునేది మునకని తట్టుకుంటుందనీ కాదు. మీ చేలో ఏ దెబ్బ ముందు తగులుతుందో దాన్ని బట్టి ఎంచుకోండి. మొదటి ఏడాది పొలమంతా మార్చకుండా ఒక మడిలో వేసి చూడండి.

వానాకాలం వరి, ఎండాకాలం ఉప్పునీటిలో రొయ్య అనే పద్ధతి పొక్కాలి పొలాల్లో పాతది, వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలోనూ విస్తారంగా ఉంది. రొయ్యల వ్యర్థాలు వరికి ఎరువు, వరి గడ్డి రొయ్యలకి మేత. కానీ ఇది నిలబడాలంటే వానలు మొదలవగానే ఉప్పంతా కడిగేసేంత మంచినీరు ఉండి తీరాలి. వాన ఆలస్యమైన ఏడాది వరి పోతుంది. డబ్బు ఎక్కువొస్తుందని ఏడాదంతా ఉప్పునీరు పెట్టేస్తే ఆ నేలా, పక్క రైతు నేలా కూడా పాడవుతాయి. ఈ విషయంలో నేను మెతకగా మాట్లాడలేను, పక్కవాడి చేను ఎండబెట్టే లాభం లాభం కాదు.

గాలి, తుపాను

సముద్రం వైపు చెట్ల వరస పెంచండి, కానీ గోడలా కిక్కిరిసి వద్దు. సగం గాలి సందుల్లోంచి దూరేలా ఉంటేనే వెనక చెట్ల ఎత్తుకి పది, ఇరవై రెట్ల దూరం దాకా గాలి నెమ్మదిస్తుంది. మరీ దట్టమైతే గాలి పైనుంచి దూకి వెనక సుడి తిరుగుతుంది. ఎత్తు చెట్లు, పొట్టి చెట్లు, పొదలు కలిపి రెండు మూడు వరసలు పెట్టండి. ఏటి నోళ్ల దగ్గర మడ చెట్లు ఉంటే వాటి జోలికి పోవద్దు, పోనివ్వొద్దు. వంద మీటర్ల మడ అడవి అలల ఎత్తుని 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదని కొలతలున్నాయి.

తుపాను వస్తోందని తెలిసినప్పుడు గింజ 80, 85 శాతం ముదిరితే కోసేయడమే మేలు, ఇంకా రెండు రోజులు ఆగుదామనే ఆశ ఆ సమయంలో వద్దు. కోసింది గట్టు మీద, ఎత్తు మీద కప్పి పెట్టాలి. గింజ ముదరకపోతే కాల్వల్లో అడ్డాలన్నీ తీసి నీరు పోయే దారి చేసుకోవాలి. తుపాను దాటాక పడిపోయిన చేలో గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేస్తారు. ఇది కోతకొచ్చిన పైరుకి మాత్రమే, పచ్చి పైరు మీద కొడితే మాడుతుంది. లేత పైరు మునిగితే నీళ్లు తీశాక వెంటనే యూరియా చల్లేయకండి, కొత్త ఆకు కనిపించే దాకా ఆగి కొద్దిగా యూరియా, పొటాష్ కలిపి వేయండి. ఇంట్లో ఎత్తైన చోట తక్కువ కాలపు విత్తనం ఒక సంచి ఎప్పుడూ ఉంచుకోండి, మళ్లీ వేయాల్సి వస్తే ఊరంతా ఒకేసారి విత్తనం కోసం పరిగెడుతుంది.

సముద్రపు నీరు చేలోకి వచ్చేస్తే

మొదటి పని ఆ నీటిని బయటికి పంపడం, ఎంత తొందరగా అయితే అంత. గట్టు తెగ్గొట్టో, మోటారు పెట్టో, ఆటు వేళ చూసుకుని పంపేయాలి. నీరు అక్కడే ఎండిపోతే అందులో ఉన్న ఉప్పంతా నేలకే. చెరువులోకీ వచ్చి ఉంటే దాన్నీ తోడేసి వానకి ఖాళీగా ఉంచాలి.

రెండో పని ఓపిక పట్టడం. బంకనేలని తడిగా ఉండగా దున్నినా, ట్రాక్టర్ దింపినా మట్టి ముద్దగట్టి ఆ తర్వాత నీరు దిగదు. 1953లో నెదర్లాండ్స్‌లో సముద్రం పొంగి లక్షల ఎకరాలు మునిగినప్పుడు అక్కడ వాన ఉప్పుని కడిగినా సోడియం మాత్రం మట్టిని పట్టుకుని ఉండిపోయింది, జిప్సం వేసి నేలల్ని తిరిగి దారిలోకి తెచ్చారు. ఉప్పునీటి మునకలో మొదట ఈసీ భయపెడుతుంది, ఆ ఉప్పు పోయాక అసలు దెబ్బ నేల గుల్లదనం పోవడంలో బయటపడుతుంది. అందుకే కడగడం మొదలెట్టే ముందు, బంకనేల అయితే, పరీక్షని బట్టి జిప్సం వేసి తర్వాత మంచినీరు పెట్టండి. ఇసుక నేలకి సాధారణంగా ఇది అక్కర్లేదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఇసుకపాళ్లు ఎక్కువున్న చాలా పొలాలు తర్వాతి వానాకాలాలతోనే కోలుకున్నాయి.

వాన పడ్డాక నెలకోసారి పైమట్టి, లోమట్టి రెండిటి ఈసీ రాసుకుంటూ పోండి. పైన 4 కంటే తగ్గినా, అడుగున ఇంకా ఎక్కువ ఉంటే వేసవి పంట ఆలోచన మానుకుని ముందు జీలుగ చల్లండి. అది మొలిచి మోకాలెత్తు వచ్చిన చోట వరి నిలబడుతుంది, మాడిన మచ్చలు ఎక్కడ కనిపిస్తే అక్కడ మళ్లీ మడి కట్టి నీళ్లు నిలపండి.